ముఖం చూపకుండా అడగాల్సిన సాయం

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. కోడూరు, నాగాయలంక వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లకు కట్టుబట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, వాళ్లతోపాటు మరెందరో నటీనటులు విరాళాల కోసం జోలె పట్టి తిరిగారు. అది ఎంత పెద్ద సంగతో ఇప్పటి పిల్లలకు చెప్పి ఒప్పించడం కష్టం. ఊళ్లలో టీవీలు లేని కాలం. వెండితెర మీద తప్ప ఇంకెక్కడా కనిపించని మనిషి జనం మధ్యకు వచ్చి చెయ్యి చాచాడు. ఉన్నవాళ్లు నోట్లు వేశారు, లేనివాళ్లు చిల్లర వేశారు.

దానికి పాతికేళ్ల ముందు, 1950ల తొలినాళ్లలో, రాయలసీమ కరువుతో అల్లాడినప్పుడు కూడా రామారావు తోటి కళాకారులను వెంటబెట్టుకుని విరాళాలు పోగుచేశారు. సినిమావాళ్లు జనాన్ని అడిగి, వచ్చినదాన్ని కష్టంలో ఉన్న జనానికే చేర్చడం మన దగ్గర డెబ్బై ఏళ్లు దాటిన ఆచారం. ఆ ఆచారానికి ఇప్పటి చిరునామా హైదరాబాదులోని ఫిల్మ్ నగర్. ఈ పూట నేను మాట్లాడబోయేది అక్కడినుంచే. ఇల్లు లేని కుటుంబాలకు, హింసకు గురైన పిల్లలకు సాయం ఎలా అడగాలి, ఎలా ఇవ్వాలి అన్నది విషయం.

ఈ తరంలో జరిగిన పెద్ద ప్రయత్నం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చిన్నాభిన్నం చేసింది. నవంబరు 30న పరిశ్రమంతా హైదరాబాదులో ఒకచోట చేరి ‘మేము సైతం’ పేరుతో రోజంతా కార్యక్రమం చేసింది. పాటలు పాడారు, ఆటలు ఆడారు, టీవీలో గంటల తరబడి కూర్చుని చందాలు అడిగారు. తారలతో కలిసి భోజనం చెయ్యడానికి టికెట్టు పెడితే కొనుక్కుని వచ్చినవాళ్లున్నారు. పదకొండు కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. ఉత్తరాంధ్రలో గూడు కోల్పోయినవాళ్లకు ఆ డబ్బుతో ఇళ్లు కట్టించే పని చేపట్టారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగిపోయినప్పుడు చిరంజీవి ముందు నిలబడి కరోనా క్రైసిస్ చారిటీ పెట్టారు. రోజుకూలి మీద బతికే సినీ కార్మికుల ఇళ్లకు బియ్యం, పప్పులు, నూనె చేరాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ఖమ్మం నీటమునిగినప్పుడు, నటులు రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రుల సహాయ నిధులకూ లక్షలు, కోట్లు ప్రకటించారు. ఇవన్నీ నిజంగా గొప్ప పనులు. ఈ పరిశ్రమకు దయ లేదనే మాటను నేను ఒప్పుకోను.

అయితే ఈ పనులన్నిటికీ ఒక పోలిక ఉంది. తుపానుకు ఒక తేదీ ఉంటుంది. దానికొక పేరుంటుంది. కూలిన ఇంటిని, తేలుతున్న పశువును కెమెరా పట్టుకోగలదు. చూసినవాళ్ల మనసు కరుగుతుంది, చెయ్యి జేబులోకి వెళ్తుంది. ఏ తేదీ లేకుండా, ఏ పేరూ లేకుండా రోడ్డున పడ్డ కుటుంబం సంగతేమిటి? నాలుగు గోడల మధ్య హింసకు గురైన పిల్ల సంగతేమిటి? ఏ కెమెరా వాళ్లను పట్టుకోదు. పిల్ల విషయంలోనైతే పట్టుకోకూడదు కూడా.

ఫిల్మ్ నగర్‌ను ఒకసారి తలుచుకోండి. ఫిల్మ్ చాంబర్ అక్కడే. కల్చరల్ సెంటర్ అక్కడే. దైవసన్నిధానం, రామానాయుడు స్టూడియో, రాళ్లగుట్టల మీద కట్టిన పెద్ద పెద్ద ఇళ్లు అక్కడే. ఆ ఇళ్లను ఆనుకునే బస్తీలు: దీన్‌దయాళ్ నగర్, జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, ఇంకా ఎన్నో. గుట్ట దిగితే కృష్ణానగర్, ఇందిరానగర్, యూసఫ్‌గూడ. తెల్లవారకముందే కృష్ణానగర్ సెంటర్లో జూనియర్ ఆర్టిస్టులు కంపెనీ బండి కోసం నిలబడి ఉంటారు. లైట్లు మోసేవాళ్లు, సెట్లకు మేకులు కొట్టేవాళ్లు, వంట వండేవాళ్లు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు ఈ సందుల్లోనే ఒక్క గది కిరాయికి తీసుకుని నలుగురూ ఐదుగురూ ఉంటారు. పని ఉన్న నెల కిరాయి కడతారు. లేని నెల ఇంటి ఓనరు ముఖం చూడకుండా తప్పించుకు తిరుగుతారు.

నగరంలో ఒక కుటుంబం రోడ్డున పడే తీరు చాలాసార్లు ఇలా ఉంటుంది. ఇంట్లో సంపాదించే మనిషి పనిలో కిందపడి కాలు విరగ్గొట్టుకుంటాడు, లేదా తాగుడులో పడతాడు, లేదా ఇల్లు విడిచి వెళ్లిపోతాడు. రెండు నెలల కిరాయి నిలిచిపోతుంది. మూడో నెలలో ఓనరు అడ్వాన్సులో సరిపెట్టుకుని ఖాళీ చెయ్యమంటాడు. సామాను చుట్టాలింట్లో పెడతారు. కొన్నాళ్లు ఆ చుట్టాలింట్లోనే సర్దుకుంటారు. తరవాత గుడి మెట్లు, ఆసుపత్రి ఆవరణ, ఫ్లైఓవరు కింద నీడ. ఆ కొద్ది నెలల్లోనే పిల్లల బడి ఆగిపోతుంది. తల్లి ఇళ్లల్లో పాచిపనికి వెళ్లాలి. పెద్దపిల్లను ఎవరి దగ్గర వదలాలి? తెలిసిన ముఖమే కదా అని పక్కవాళ్లకో, దూరపు బంధువుకో అప్పగించి వెళ్తుంది. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. మన దేశంలో పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద నమోదైన కేసులను చూస్తే, నిందితుడు పిల్లకు ముందే తెలిసినవాడై ఉండడం నూటికి తొంభైకి పైగా కేసుల్లో కనిపిస్తుంది. అందుకే ఇల్లు లేకపోవడాన్నీ, పిల్లల మీద హింసనూ నేను రెండు వేరు వేరు విషయాలుగా చూడలేను. తలుపుకు గడియ ఉన్న గది కూడా పిల్లల రక్షణలో ఒక భాగమే. గడియ వేసిన గదిలోనే హింస జరిగే ఇళ్లూ ఉన్నాయన్నది వేరే నిజం.

2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్లు 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. లక్షమంది జనాభాకు ఒకటి చొప్పున, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయం నగరాల్లో ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆశ్రయాలు వచ్చాయి. కానీ వాటిలో ఎక్కువ ఒంటరి మగవాళ్లకు, కొన్ని ఒంటరి ఆడవాళ్లకు. మొగుడూ పెళ్లాం పిల్లలూ కలిసి ఉండగలిగే చోట్లు తక్కువ. అందుకని కుటుంబాన్ని విడదీసి తండ్రినొక చోటికి, తల్లీపిల్లలనొక చోటికి, పెద్ద పిల్లలను ఇంకో చోటికి పంపాల్సి వస్తుంది. పేదరికం ఒక్కటే కారణమైతే పిల్లను తల్లి దగ్గరనుంచి తీసుకెళ్లకూడదన్నది బాలల న్యాయ చట్టంలో ఉన్న ఆలోచన. హాస్టలు, హోము చివరి దారి. సొంత కుటుంబంలోనే పిల్లను నిలబెట్టడానికి కేంద్రం మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ పెట్టింది. హోములో ఒక పిల్లకయ్యే ఖర్చుతో పోల్చుకుంటే ఇది చిన్న మొత్తం. ఆ చిన్న మొత్తమే తల్లీబిడ్డలను ఒకచోట ఉంచగలదు. చందాలు అడిగేవాళ్లు మొట్టమొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే అంటాను. కొత్త భవనం కట్టడానికి డబ్బు తేలిగ్గా వస్తుంది, గోడ మీద దాత పేరు చెక్కించవచ్చు కాబట్టి. కిరాయి అడ్వాన్సుకు, మూడు నెలల బియ్యానికి, బడి ఫీజు బకాయికి డబ్బు తేలిగ్గా రాదు. నిజానికి కుటుంబాలు నిలబడేది ఈ రెండో రకం డబ్బు మీదే.

సినిమావాళ్లు తమవాళ్లకు ఇళ్లు కట్టించుకోగలిగిన ఉదాహరణ మన కళ్లముందే ఉంది. నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి సినీ కార్మికులకు సొంత ఇల్లు ఉండాలని పట్టుబట్టారు. ఆయన 1997లో కన్నుమూశారు. మణికొండలోని చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఇక పిల్లల సంగతికి వస్తాను. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం ప్రకటించింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పిన పిల్లలు 53 శాతం. ఆడపిల్లలూ ఉన్నారు, మగపిల్లలూ ఉన్నారు. ఆ తరవాత అయిదేళ్లకు, 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలో చాలా జాగ్రత్తలున్నాయి. పిల్ల మాట వినే పోలీసు యూనిఫారంలో ఉండకూడదు. వీలైనంతవరకు మహిళా అధికారే వినాలి. పిల్ల ఉన్న చోటికే వెళ్లి వినాలి. పిల్ల పేరు, ఊరు, బడి, ఫోటో, ఇంటివాళ్ల వివరాలు ఏవీ పత్రికల్లోకీ టీవీలోకీ రాకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షనూ ఇదే చెప్తుంది.

‘మేము సైతం’ పేరుతోనే 2016లో మంచు లక్ష్మి ఒక టీవీ కార్యక్రమం నడిపారు. తారలు ఒక రోజు మామూలు కూలిపని చేసి, ఆ సంపాదన ఒక కుటుంబానికి ఇచ్చేవారు. సమంత చెన్నై జాంబజారులో కూరగాయలు అమ్మారు. రానా మూటలు మోశారు. ఆ కుటుంబాలు స్టేజీ మీదికి వచ్చి తమ కథ చెప్పుకున్నాయి. జబ్బు, అప్పు, చావు, కూలిపోయిన ఇల్లు. చూసినవాళ్లు ఏడ్చారు, సాయం చేశారు. పెద్దవాళ్లు ఇష్టపడి తమ కష్టం చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. కానీ హింసకు గురైన పిల్లకు ఆ స్టేజీ మీద చోటు లేదు. ముఖం మసకగా చేసి చూపించినా, గొంతు మార్చినా, ఆ బస్తీలోవాళ్లు చీర అంచు చూసి తల్లిని గుర్తుపడతారు. మర్నాటినుంచి ఆ పిల్ల కొళాయి దగ్గరికి కూడా వెళ్లలేకపోతుంది.

మరి ముఖం లేకుండా సాయం అడగడమెలా? మనకు జాలి పుట్టాలంటే ఒక ముఖం కావాలి. ఆ ముఖం ఫిల్మ్ నగర్ ఇవ్వాలి. కోట్లమందికి తెలిసిన ముఖాలు అక్కడున్నాయి. ఒక నటుడు తెర మీదికి వచ్చి, “ఒక పిల్ల ఉంది. పేరు చెప్పను, ఊరు చెప్పను, ఫోటో చూపించను. నా మాట నమ్మి ఇవ్వండి, ప్రతి రూపాయికీ లెక్క నేను చూపిస్తాను” అంటే జనం ఇవ్వరా? దివిసీమ రోజుల్లో జోలెలో డబ్బు వేసినవాళ్లకు ఏ బాధితుడి ఫోటో చూపించారు? అడిగినవాడి మీద నమ్మకంతో వేశారు. పిల్ల ముఖానికి అడ్డంగా తన ముఖం పెట్టగలిగిన మనిషే ఈ పనికి అసలైన స్టారు.

ఇది కుదరని పనేమీ కాదు. 1998 అక్టోబరు 2న జూబ్లీహిల్స్‌లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు మొదలైంది. అభిమానులు వచ్చి రక్తం ఇవ్వడం మొదలుపెట్టారు, ఇప్పటికీ ఇస్తున్నారు. తన రక్తం ఎవరి ఒంట్లోకి వెళ్లిందో ఇచ్చినవాడికి తెలియదు. వాళ్ల ఫోటో కావాలని అడగడు. అదే అభిమాని పుట్టినరోజు నాడు కేకు తీసుకుని అనాథ పిల్లల హోముకు వెళ్తే మాత్రం పిల్లలను వరసగా నిలబెట్టి ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెడతాడు. ఆ వరసలో నిలబడ్డ పిల్లల్లో కోర్టులో కేసు నడుస్తున్న పిల్ల ఉండవచ్చు. నేరం చేసినవాడు ఆ ఫోటో చూసి పిల్ల ఎక్కడుందో కనిపెట్టవచ్చు. అభిమాన సంఘాలవాళ్లకు నా విన్నపం: హీరో పుట్టినరోజుకు హోములకు వెళ్లి కేకులు కోయడం ఆపండి. ఆ కేకు డబ్బు, ఫ్లెక్సీల డబ్బు కలిపి ప్రతినెలా ఒకే సంస్థకు, ఏడాదిపాటు పంపండి. రక్తం విషయంలో మీరు చూపించిన పెద్దమనసే ఇక్కడా చూపించండి.

ఏడాదిపాటు అని ఎందుకన్నానో చెప్తాను. హింసకు గురైన పిల్లకు సాయమంటే ఒక రోజు బట్టలు, ఒక పూట భోజనం అనుకుంటాం. హైదరాబాదు పోలీసులు 2016లో భరోసా కేంద్రాన్ని ప్రారంభించారు. వైద్యం, న్యాయ సలహా, మానసిక వైద్యుల సాయం, పోలీసు వాంగ్మూలం ఒకేచోట దొరకాలని, పిల్ల నాలుగు ఆఫీసుల చుట్టూ తిరిగి జరిగింది నాలుగుసార్లు చెప్పుకోకూడదని దాని ఉద్దేశం. మంచి ఏర్పాటు. కానీ ఆ కేంద్రం గేటు దాటి ఇంటికి వెళ్లాక కథ మొదలవుతుంది. నిందితుడు అదే వాడకట్టులో ఉంటే కుటుంబం ఇల్లు మారాలి. కొత్త ఇంటికి అడ్వాన్సు కావాలి. బడి మారాలి. కేసును ఏడాదిలో ముగించడానికి వీలైనంత ప్రయత్నించాలని చట్టం చెప్పినా, అంతకన్నా ఎక్కువే పడుతుంది. వాయిదా ఉన్న ప్రతిరోజూ తల్లి కూలి పోతుంది, ఆటో ఖర్చు అదనం. రాజీ పడమని బంధువులు ఒత్తిడి చేస్తారు, డబ్బు ఆశ పెడతారు. ఇంట్లో తిండికి లేని తల్లి ఆ ఒత్తిడికి లొంగితే ఆమెను తప్పుపట్టే అర్హత ఎవరికుంది? ఆ సమయంలో నెలనెలా వచ్చే అయిదువేల రూపాయలు ఆమెను సాక్షిగా నిలబెడతాయి. పిల్ల రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే వారానికోసారి కూర్చుని మాట్లాడే కౌన్సిలరు కావాలి, నెలల తరబడి కావాలి. ఆ కౌన్సిలరుకు జీతం కావాలి. జీతాలకు చందా ఇవ్వడం మనవాళ్లకు నచ్చదు. “మా డబ్బు పిల్లలకు వెళ్లాలి గానీ సిబ్బందికా” అంటారు. పిల్లకు కావలసింది ఆ సిబ్బందే.

ఈ నగరంలో ఈ పని ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లున్నారు. సునీతా కృష్ణన్ 1996లో మొదలుపెట్టిన ప్రజ్వల, అమ్మకానికి గురైన ఆడపిల్లలను విడిపించి నిలబెడుతూ వచ్చింది. ఆమె నిర్మించిన ‘నా బంగారు తల్లి’ సినిమా ఇదే విషయాన్ని తెరకెక్కించి 2013 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. పాతిక, ముప్ఫై సినిమాలు తీసిన నిర్మాతలు చేయలేని పని ఒక సేవా కార్యకర్త చేసి చూపించింది. వీధిలో పెరిగే ఆడపిల్లలకు ప్రభుత్వ బడుల్లో ఖాళీగా ఉన్న గదులనే ఇల్లుగా మార్చిన రెయిన్‌బో హోములు హైదరాబాదులో ఉన్నాయి. దిక్కులేని పసివాళ్లను చూసుకునే ప్రభుత్వ శిశువిహార్ యూసఫ్‌గూడ పక్కనే ఉంది, ఫిల్మ్ నగర్‌నుంచి గుట్ట దిగి వస్తే దగ్గరే. సమంత డాక్టర్ మంజుల అనగానితో కలిసి పెట్టిన ప్రత్యూష సపోర్ట్ స్త్రీల, పిల్లల వైద్యానికి సాయం చేస్తోంది. సాయం చెయ్యాలనుకునేవాళ్లకు దారి లేదనడానికి వీల్లేదు.

ఇచ్చేవాళ్లకూ కొన్ని మాటలు. ఎవరో వాట్సాప్‌లో ఏడుస్తున్న పిల్ల ఫోటో పెట్టి ఫోన్‌పే నంబరు ఇస్తే పంపకండి. నిజమైన సంస్థ పిల్ల ఫోటో పెట్టదు. పిల్లలను ఉంచుకునే ఏ హోమైనా బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్టరు కావాలి. కాకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి. రసీదు తీసుకోండి. విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే రెండువేలు దాటిన మొత్తం నగదుగా ఇవ్వకండి, బ్యాంకు ద్వారా పంపండి. ఏడాదికి ఒకసారి ఆడిట్ లెక్క అడగండి. లెక్క అడగడం అనుమానం కిందికి రాదు, అది దాత హక్కు. పిల్లను చూపించమని మాత్రం అడగకండి. “మేం ఇచ్చిన డబ్బుతో చదివే పిల్లను ఒకసారి చూడాలి” అని పట్టుబట్టే దాతలుంటారు. వాళ్ల ఆప్యాయతను శంకించను. పిల్లకు మాత్రం అది మరో పరీక్ష. తనకేం జరిగిందో తెలిసిన మరో కొత్త మనిషి ముందు తలదించుకుని నిలబడటం.

పరిశ్రమ పెద్దలకు ఒక ప్రతిపాదన చేస్తాను. ప్రతి సినిమాకూ ముహూర్తం రోజున కొబ్బరికాయ కొడతారు, ముఖ్యులను పిలుస్తారు. ఆ రోజే బడ్జెట్ కాగితంలో ఈ పనికి ఒక పద్దు రాయండి. ఎంతన్నది మీ ఇష్టం. సినిమా ఆడినా ఆడకపోయినా ఆ పద్దు మారకూడదు. ప్రీ-రిలీజ్ వేడుకల్లో గంటల తరబడి ప్రసంగాలుంటాయి, వేలమంది కుర్రాళ్లు హీరో కోసం ఎదురుచూస్తుంటారు. ఆ హీరో ఒక్క నిమిషం పిల్లల హెల్ప్‌లైన్ 1098 అనే నంబరు చెప్పి, పిల్ల ఏడిస్తే ఎవరికి చెప్పాలో చెప్పి, ఆ తరవాత తన సినిమా గురించి మాట్లాడితే, ఆ నిమిషం ఎంతమంది ఇళ్లల్లోకి వెళ్తుందో మీకే తెలుసు. లాభాలు బాగా ఉన్న నిర్మాణ సంస్థలకు కంపెనీల చట్టం కింద లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు పెట్టే నియమం ఎలాగూ ఉంది. దాన్ని ఒక్కరోజు వేడుకలకు ఖర్చుపెట్టకుండా, అయిదేళ్లపాటు ఒకే బస్తీకి, ఒకే సంస్థకు కట్టుబడి ఇస్తే బాగుంటుంది. దీన్‌దయాళ్ నగర్ మీ గోడ పక్కనే ఉంది.

శ్రోతలారా, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఫోనుకు ఖర్చు లేదు. మీ పక్కింట్లో, మీ మెట్ల కింద, మీరు రోజూ దాటే సిగ్నల్ దగ్గర ఒక పిల్ల ప్రమాదంలో ఉందని అనుమానం వస్తే చాలు, రుజువులు వెతికే పని మీది కాదు. ఫోను చెయ్యండి. పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే పోక్సో చట్టం కింద అదీ నేరమే. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లను చట్టం కాపాడుతుంది. డబ్బు ఇవ్వగలిగినవాళ్లు ఈ నెలనుంచే, ఎంత చిన్న మొత్తమైనా సరే, ఒక రిజిస్టరైన సంస్థను ఎంచుకుని ప్రతినెలా పంపడం మొదలుపెట్టండి. ఆ పిల్ల పేరు అడగకుండా పంపండి.